డిగ్రీ, లోన్ రెండూ ఇప్పిస్తామనే వాళ్లతో జాగ్రత్త: నాకు 90 వేలు పోయాయి

సౌండ్ సిస్టమ్, డీజే, లైటింగ్, ఆర్కెస్ట్రా పనిలో ఉన్న అన్నలు, తమ్ముళ్లు ఇది ఒకసారి పూర్తిగా చదవండి. ముఖ్యంగా చదువు మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెడదామని, లోన్ తీసుకుని సామాను పెంచుకుందామని చూస్తున్నవాళ్లు. భువనగిరి వైపు ఒక కన్సల్టెన్సీ నన్ను ముంచింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు బోర్డులు మారుస్తూనే ఉంటారు, పేరు కంటే పద్ధతి తెలియడం ముఖ్యం.

నాకు ఈ పనిలో పద్నాలుగేళ్లు. స్పీకర్లలో నాలుగు బేస్‌లు, నాలుగు టాప్‌లు, పాత మిక్సర్, ఒక టాటా ఏస్. సంపాదనలో సగం సిటీ నుంచి వచ్చే ఊరేగింపుల బుకింగ్‌లే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాక ఆ సగం పోయింది. (రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు వద్దన్న రూల్ 2000 నుంచే ఉంది. ఎంతమందిమి పాటించామో మనకు తెలుసు.) ఇక ఫంక్షన్ హాళ్లలో లైవ్ బ్యాండ్‌లకు సౌండ్ ఇద్దామనుకున్నాను. డిజిటల్ మిక్సర్, స్టేజ్ మానిటర్లు, చిన్న ఎల్‌ఈడీ వాల్, అన్నీ కలిపి కొటేషన్ 8 లక్షలకు వచ్చింది.

చదువు సంగతి వేరే. ఇంటర్ సెకండియర్‌లో ఉండగా నాన్నకు బాగోలేక ఆపేశాను. పాప స్కూల్ ఫారంలో ‘తండ్రి విద్యార్హత’ అన్న గడి దగ్గర ప్రతి ఏడాదీ నా పెన్ను ఆగిపోతుంది. కన్సల్టెన్సీవాడు పట్టుకున్నది సరిగ్గా ఆ గడినే.

"అన్నా, డిగ్రీ లేకపోతే ఏ బ్యాంకూ నీకు ఎనిమిది లక్షలు ఇవ్వదు. ఇంటర్, డిగ్రీ రెండూ వన్ సిట్టింగ్‌లో చేయిద్దాం. ఆ సర్టిఫికెట్ పెడితే 35 శాతం సబ్సిడీతో లోన్ మేమే తెప్పిస్తాం" అన్నాడు. అడ్వాన్స్ 20 వేలు. రెండు నెలలకు సర్టిఫికెట్లు వచ్చాయి, అప్పుడు 40 వేలు. మా ఆవిడ మాత్రం "పరీక్ష రాయకుండా పాసేంటి?" అని అడిగింది. నేనే కసురుకున్నాను.

ఆ మెమోలు ఇప్పుడు నా ముందే ఉన్నాయి. పేపర్ మందంగా, హోలోగ్రామ్ స్టిక్కర్‌తో అసలుదానిలాగే ఉన్నాయి. గోరుతో గీరితే స్టిక్కర్ అంచు లేచి వచ్చింది. నేను ఎప్పుడూ చూడని ఒక ఉత్తరాది రాష్ట్రంలోని యూనివర్సిటీ పేరు, డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు 2019 మేలో రాసినట్టు. ఆ ఏడాది నా బుకింగ్ డైరీ తీసి చూశాను. మే నెలంతా పెళ్లిళ్లే, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఎవరైనా వెరిఫికేషన్‌కు వస్తే నేను దొంగనని నా డైరీయే సాక్ష్యం చెబుతుంది.

తర్వాత లోన్ నాటకం. ‘ఫైల్ చార్జి’ అని 12 వేలు తీసుకున్నారు. పది రోజులకు వాట్సాప్‌లో శాంక్షన్ లెటర్ వచ్చింది. పైన ముద్ర (చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన లోన్ పథకం) లోగో, కింద గుండ్రటి స్టాంపు, మధ్యలో ‘కిశోర్ కేటగిరీ, రూ. 8,00,000’. జీఎస్టీ, ఇన్సూరెన్స్ కింద 18 వేలు కడితే రెండు గంటల్లో అకౌంట్లో పడుతుందన్నారు. కట్టేశాను. వెళ్లింది ఎవరో వ్యక్తి పేరున్న ఫోన్‌పే నంబరుకు. తర్వాత మూడు రోజులు "సర్వర్ డౌన్" అన్నాడు, నాలుగో రోజు ఫోన్ స్విచ్చాఫ్.

ఆ లెటర్ అబద్ధమని చెప్పడానికి దాంట్లోని ఒక్క లైను చాలు. ముద్రలో కిశోర్ అంటే 50 వేలు దాటి 5 లక్షల వరకే. 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే తరుణ్. ఎనిమిది లక్షల కిశోర్ లోన్ అనేదే లేదు. అంతకంటే పెద్ద సంగతి, ముద్ర సంస్థ మనలాంటివాళ్లకు నేరుగా అప్పే ఇవ్వదు. లోన్ ఇచ్చేది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు. వాటికి వెనక నుంచి డబ్బు సర్దడమే దాని పని. ఏజెంట్లను కూడా పెట్టుకోలేదు. అంటే ‘ముద్ర నుంచి’ మీ పేరు మీద శాంక్షన్ లెటర్ వచ్చిందంటే అది అక్కడే ఫేక్.

ఏం చేయాలో తోచక ఆ లెటరూ డిగ్రీ పట్టుకుని మా బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. లెటర్ చూసి ఆయన తల పట్టుకున్నాడు. డిగ్రీ చూసి, "ఇది ఎందుకు తెచ్చావయ్యా?" అన్నాడు. సబ్సిడీ లోన్‌కు అడుగుతారని చెప్పాను. "ఆ కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోన్ పథకం పీఎంఈజీపీకి ఎనిమిదో తరగతి పాసైతే చాలు. సర్వీస్ యూనిట్‌కు 5 లక్షలు దాటితే అడిగేది కూడా అంతే. నీకు టెన్త్ మెమో ఉందా లేదా?" అన్నాడు.

ఉంది. ఇంట్లో బీరువాలో పదిహేడేళ్లుగా ఉంది. ఆ మాట విన్నాక నేను కాసేపు అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను.

డిగ్రీ కాగితాన్ని ఆయన నా వైపు తోసేసి, "దీన్ని ఎక్కడా ఫైల్లో పెట్టకు. అమ్మినవాడితో పాటు వాడినవాడి మీద కూడా కేసవుతుంది" అన్నాడు.

సబ్సిడీ గురించి కూడా కన్సల్టెన్సీవాడు సగమే చెప్పాడు. 35 శాతం అందరికీ రాదు. పల్లెల్లో యూనిట్ పెట్టే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళల్లాంటి వర్గాలకే. అదే టౌన్‌లో అయితే 25. జనరల్ వాళ్లకు పల్లెలో 25, టౌన్‌లో 15. ఆ డబ్బు మన చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే మన పేరున డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో సర్దుబాటవుతుంది. మన వాటా 5 లేదా 10 శాతం మనమే పెట్టుకోవాలి. అప్లికేషన్ ఖాదీ కమిషన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టుకోవచ్చు. డౌట్లుంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి. నేను వెళ్లిన రోజు అక్కడ క్లర్కు ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పాడు, టీ డబ్బులు కూడా అడగలేదు.

చదువు విషయంలో ఒక్కటే చూసుకోండి. మూడేళ్ల డిగ్రీ ఒక్క సిట్టింగ్‌లో ఇచ్చే యూనివర్సిటీ లేదు. దూరవిద్యకు అనుమతి ఉన్న యూనివర్సిటీల లిస్టు యూజీసీ వాళ్ల డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో ఉంటుంది, ఫేక్ యూనివర్సిటీల లిస్టు యూజీసీ సైట్‌లో విడిగా ఉంటుంది. నేను ఇప్పుడు తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు చేరాను, అది అయ్యాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఎకనామిక్స్ పుస్తకం టాటా ఏస్ డాష్‌బోర్డు మీదే ఉంటుంది. పరీక్షల రోజులకు రెండు బుకింగ్‌లు వదులుకున్నాను.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను సిగ్గుపడుతూ నాలుగు రోజులు ఆగాను. అందుకే చివరి 18 వేలలో 6 వేలు మాత్రమే హోల్డ్‌లో పెట్టగలిగారు, అవి కూడా ఇంకా నా చేతికి రాలేదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్, వాళ్లిచ్చిన కాగితాలు ఏవీ డిలీట్ చేయొద్దు, చింపొద్దు.

మొన్న ఆదివారం భువనగిరి బస్టాండు వెనక గోడ మీద కొత్త పోస్టర్ చూశాను. కన్సల్టెన్సీ పేరు వేరు, ఫోన్ నంబరు వేరు. కింద ఎర్రక్షరాలు మాత్రం అవే: ‘డిగ్రీ ప్లస్ లోన్, ఒకే చోట’.