గులాబీ గడ్డ, వేరుశనగ బుడిపె: రెండూ ఒకటేనా?

గులాబీ మొదట్లో, నేలకు ఆనుకుని కాలీఫ్లవర్‌లా గరుగ్గా ఉబ్బిన గడ్డ, నేలలో ఉండే ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా పని. ఆ సంగతి 1907లోనే అమెరికా శాస్త్రవేత్తలు స్మిత్, టౌన్‌సెండ్ తేల్చారు. వేరుశనగ మొక్క పీకితే వేళ్లకు ఆవగింజల్లా కనిపించే బుడిపెలు కూడా బాక్టీరియావే, కానీ బుద్ధి పూర్తిగా వేరు.

ఆగ్రోబాక్టీరియం గాయంలోంచి దూరి ఏకంగా తన డీఎన్‌ఏ ముక్కనే మొక్క కణంలోకి ఎక్కించేస్తుంది, దాంతో ఆ కణం ఆక్సిన్, సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్లు ఎడాపెడా తయారుచేసుకుంటూ ఆగకుండా ఒకటి రెండుగా విభజన చెందుతూ పోతుంది, పైగా బాక్టీరియా తినడానికి ఓపైన్లు అనే పదార్థాలు కూడా వండి పెడుతుంది (ఎంత తెలివో!). ఆ తర్వాత బాక్టీరియా చచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. అందుకే మందు కొట్టి లాభం లేదు, మొక్కను పీకి పారేయడమే. కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా పక్క మొక్కను ముట్టుకోకండి.

బుడిపెలో ఈ దొంగతనం లేదు. మొక్కే గది కట్టించి చక్కెర పెడుతుంది, బాక్టీరియా అద్దె కింద గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. గోరుతో చిదిమి చూడండి, లోపల ఎర్రగా ఉంటే బాగా పనిచేస్తోందన్నమాట. తెగులనుకుని టెన్షన్ పడొద్దు.