ఎవ్రీథింగ్: ఫైలు పేరు గుర్తుంటే చాలు

విండోస్ సెర్చ్‌లో పచ్చ గీత జరిగేదాకా కూర్చునే బాధ తప్పించే చిన్న, ఉచిత సాఫ్ట్‌వేర్ వాయిడ్‌టూల్స్ వాళ్ల ఎవ్రీథింగ్. మూడక్షరాలు కొట్టేలోపే జాబితా వచ్చేస్తుంది. ఇది ఫోల్డర్లన్నీ తిరగదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్) డ్రైవులో ఫైళ్ల చిట్టా అయిన మాస్టర్ ఫైల్ టేబుల్‌నే నేరుగా చదువుకుంటుంది. దానికి అనుమతి కావాలి కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎవ్రీథింగ్ సర్వీస్‌ను ఎంచుకోండి.

సీ డ్రైవు నిండిపోయిందా? సెర్చ్ పెట్టెలో సీ, కోలన్, బ్యాక్‌స్లాష్ కొట్టి ఒక ఖాళీ వదలండి. తర్వాత ఇంగ్లీషులో సైజ్ అని రాసి, కోలన్, గ్రేటర్‌దేన్ గుర్తు, 1జీబీ, ఈ మూడూ ఖాళీ లేకుండా కొట్టండి. మర్చిపోయిన సినిమాలు, ఫోన్ బ్యాకప్‌లు వరసగా బయటపడతాయి. విండోస్ ఫోల్డర్‌లోవి మాత్రం ముట్టుకోవద్దు!

పెన్‌డ్రైవు ఫైళ్లు కనిపించకపోతే దాని ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ కాకుండా ఎక్స్‌ఫ్యాటో, ఫ్యాట్32నో అయ్యుంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో ఇండెక్సెస్ కింద ఫోల్డర్స్‌కు వెళ్లి ఆ డ్రైవును యాడ్ చేయండి. ఫైలు లోపలి మాటలు వెతకడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. 1.4 వెర్షన్‌లో వాటికి ఇండెక్స్ (ముందే తయారుచేసుకున్న చిట్టా) లేదు, ఒక్కో ఫైలూ తెరిచి చూస్తుంది కాబట్టి చాలా నెమ్మది.