1942 నాటి కాన్పూర్ సైనిక జీను: పన్నెండేళ్ల వాడకం తరువాత

ఈ జీనును నేను 2013 డిసెంబరులో సికింద్రాబాద్‌లోని ఒక పాత సామాను దుకాణంలో తొమ్మిది వేల రూపాయలకు కొన్నాను. జీను చట్రపు వెనుక కమాను మీద బాణం గుర్తు, దాని కింద ‘ఐ’ అనే ఆంగ్ల అక్షరం, పక్కన 1942 అనే అంకె అచ్చుపడి ఉన్నాయి. బాణం బ్రిటిష్ ప్రభుత్వ సైనిక సామగ్రికి వేసే ముద్ర. ‘ఐ’ చేరితే అది భారత సైన్యానికి చెందినదని అర్థం. కమానులను కలిపే చెక్క పక్కబద్ద అడుగున కాన్పూర్ పేరు అప్పటి ఆంగ్ల వర్ణక్రమంలో ఉంది. అప్పటినుంచి ఇప్పటివరకు, వానాకాలపు విరామాలు మినహాయిస్తే, వారానికి మూడు నాలుగు రోజులు దీని మీదే స్వారీ చేస్తున్నాను. మొయినాబాద్, చేవెళ్ల వైపు మట్టిబాటల్లోనూ, ఏడాదికి ఒకటి రెండుసార్లు అనంతగిరి కొండల దాకా సాగే దూరప్రయాణాల్లోనూ ఇది నాకు తోడుగా ఉంది. ఇలాంటి జీను కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, దీనిలో మెచ్చదగిన వాటినీ నన్ను ఇబ్బంది పెట్టిన వాటినీ దాచకుండా రాస్తున్నాను.

ముందుగా దీని నిర్మాణం చెప్పాలి, ఎందుకంటే దీని మంచిచెడ్డలన్నీ అందులోనే ఉన్నాయి. బ్రిటిష్ సైన్యం ‘యూనివర్సల్ ప్యాటర్న్’ అని పిలిచిన ఈ రకంలో 1890, 1902, 1912 సంవత్సరాల నమూనాలు ప్రసిద్ధమైనవి. నా దగ్గరున్నది 1902 నమూనా వంశానికి చెందినది. ముందొకటి, వెనుకొకటి ఉక్కు కమానులు ఉంటాయి. వాటిని రెండు పొడవాటి చెక్క పక్కబద్దలు కలుపుతాయి. ఆ రెండు కమానుల నడుమ తోలు ఆసనం బిగించి ఉంటుంది. మామూలు స్వారీ జీనులకు అడుగున ఉన్ని కూరిన మెత్తలు ఉండగా, దీనికి అలాంటివి లేవు. పక్కబద్దలకూ గుర్రం వీపుకూ మధ్య మడత పెట్టిన కంబళి మాత్రమే ఉంటుంది. 1912 నమూనాలో కమానులకు కీళ్లు పెట్టి పక్కబద్దలు గుర్రాన్ని బట్టి కొంత కదిలేలా చేశారు. నాదానికి ఆ సౌకర్యం లేదు. లండన్‌లో రాజరక్షక అశ్వికదళం నేటికీ ఈ వంశపు జీనుల మీదే కనిపిస్తుంది. మన దేశంలో 1953లో ఏర్పడిన 61వ అశ్వికదళం జైపూర్‌లో గుర్రాలను ఇంకా నిలుపుకొని ఉంది కనుక, ఈ సామగ్రి తెలిసిన చేతులు మనకు పూర్తిగా కరవు కాలేదు.

హైదరాబాద్ వారికి ఈ సామగ్రితో ఉన్న సంబంధం చిన్నది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా ప్రాంతంలో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూర్ దళాలతో పాటు హైదరాబాద్ లాన్సర్లు (ఈటెలు పట్టిన రౌతుల దళం) కూడా ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వారిదే. నా జీను వారి తరువాతి కాలానిదే అయినా, దీన్ని తుడుస్తూ కూర్చున్న ప్రతిసారీ ఆ రౌతులు నాకు గుర్తుకు వస్తారు.

కొన్నప్పుడు జీను పరిస్థితి చూడడానికి బాగానే ఉంది గాని, నమ్మడానికి వీలుగా లేదు. చట్రం గట్టిగా ఉంది. ఆసనపు తోలు ఎండినా చావలేదు. తంగు పట్టీలు (జీనును గుర్రం పొట్ట కింద నుంచి బిగించేవి), రికాబు తోళ్లు (పాదం పెట్టే రికాబులను వేలాడదీసేవి), సామాను కట్టే వారులు మాత్రం వయసు చెప్పేస్తున్నాయి. పాత తోలును పరీక్షించడానికి నేను పాటించే పద్ధతి ఒకటే. పట్టీని నునుపు వైపు బయటికి వచ్చేలా వేలి చుట్టూ వంచి చూడాలి. సన్నని గీతలు పడితే నూనెతో కొంత బతికించవచ్చు. లోతుగా పగిలినా, వేలికి ఎర్రటి పొడి అంటినా ఆ తోలు పని అయిపోయినట్టే, దానికి ఏ నూనె పట్టించినా తిరిగి బలం రాదు.

ఆ కాలపు కాన్పూర్ తోలును నల్లతుమ్మ బెరడుతో ఊనేవారు, అంటే పచ్చితోలును పదును చేసేవారు. మన దక్షిణాదిన అదే పనికి తంగేడు బెరడు ప్రసిద్ధి. ఇలా చెట్ల బెరడుతో ఊనిన తోలు మందంగా, బిగువుగా ఉండి, వాడేకొద్దీ మనిషి ఆకృతికీ గుర్రం ఆకృతికీ లొంగుతుంది. రసాయనాలతో త్వరగా ఊనిన తోలు మెత్తగా ఉంటుంది గాని సాగుతుంది. అందుకే కొత్త పట్టీలకు కూడా బెరడుతో ఊనిన తోలే కావాలని పట్టుబట్టాను. పాతబస్తీలోని ఒక మోచీ ఆ పని చేశాడు. రెండు సూదులను ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చి, తేనెమైనం పట్టించిన నారదారంతో కుట్టాడు. ఇలా కుట్టినప్పుడు ఒక చోట దారం తెగినా రెండో దారం పట్టి ఉంచుతుంది. యంత్రంతో కుట్టినదానిలో ఒక కుట్టు తెగితే వరుసంతా విడిపోవచ్చు. ఈ మరమ్మతుకు ఆరున్నర వేలు అయింది. అది జీను ధరలో మూడు వంతుల్లో రెండు వంతులకు పైగా ఉన్నా, నేను పెట్టిన ఖర్చుల్లో అంత విలువైనది మరొకటి లేదు.

అయినా ఒక తప్పు చేశాను. కుడివైపు రికాబు తోలు చూడడానికి చక్కగా ఉందని, పాతదాన్నే ఉంచమని మోచీకి చెప్పాను. అతడు వద్దన్నాడు. 2015లో చేవెళ్ల దాటాక గుర్రం దుల్కీ నడకలో (నడకకూ పరుగుకూ నడిమి వేగంలో) ఉండగా ఆ తోలు బకిలు రంధ్రం దగ్గర తెగింది. నేను కుడివైపుకు ఒరిగి కింద పడ్డాను. భుజం నాలుగు వారాలు కట్టులో ఉంది. తోలు తెగిన చోట లోపల పొరలు పొడిగా, పేలికలుగా కనిపించాయి. పైపొర మాత్రం మెరుస్తూనే ఉంది. కనుక పాత జీను కొనేవారికి నా మొదటి మాట ఇది: చట్రాన్ని ఉంచుకోండి, ఆసనాన్ని ఉంచుకోండి, బరువు మోసే పట్టీలన్నిటినీ మార్చండి. ఎంత బాగా కనిపించినా మార్చండి. కొత్త రికాబు తోళ్ల విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. మనం ఎడమవైపు నుంచే ఎక్కుతాం కాబట్టి ఎడమ తోలు ముందుగా సాగుతుంది. నెలకొకసారి రెండింటినీ ఇటుదటు మారిస్తే సమానంగా ఉంటాయి.

ఇక గుర్రం వీపు సంగతి. నా గుర్రం చుక్క అనే మార్వారీ సంకర జాతి ఆడగుర్రం. మూపు ఎత్తుగా, వీపు సన్నగా ఉంటుంది. ఇలాంటి వీపుకు సరిపడే జీను దుకాణంలో దొరకడం కష్టం. ఈ సైనిక జీను దానికి సరిపోవడానికి కారణం కంబళి. యుద్ధంలో గుర్రాలు చిక్కిపోతాయి, మళ్లీ ఒళ్లు చేస్తాయి. ప్రతిసారీ జీను మార్చడం సాధ్యం కాదు కనుక కంబళి మడతలు మారిస్తే చాలన్నది దీన్ని రూపొందించినవారి ఆలోచన. 2016 వేసవిలో మేత సరిగా దొరకక చుక్క బాగా చిక్కినప్పుడు, ముందు కమాను మూపు మీదికి దిగింది. కంబళిని ముందువైపు ఒక మడత పెంచి వేసేసరికి కమాను మళ్లీ పైకి లేచింది. ఎక్కకముందు కమాను కింద మూడు వేళ్లు నిలువుగా దూరాలి, ఎక్కి ముందుకు వంగినా కనీసం రెండు వేళ్ల ఖాళీ మిగలాలి; ఈ లెక్క తప్పిన రోజు నేను బయలుదేరను. పక్కబద్దలు ముందు భుజపు ఎముక కదలికకు అడ్డు రాకూడదు, వెనుక చివరి పక్కటెముకను దాటి నడుము మీద బరువు పడకూడదు. వెన్నెముక పొడవునా గాలి ఆడే సందు ఉండి తీరాలి. ఈ సందు విషయంలో నేను వాడిన ఏ జీను కూడా దీనికి సాటి రాలేదు. మే నెలలో 25 కిలోమీటర్లు నడిచి వచ్చాక కూడా వెన్నుపూస మీది వెంట్రుకలు పొడిగా ఉంటాయి.

అయితే ఈ కంబళి ఎంత మేలు చేస్తుందో, అజాగ్రత్తగా ఉంటే అంత కీడు చేస్తుంది. 2019లో తెల్లవారుజామున చీకట్లో తొందరగా జీను వేసి బయలుదేరిన ఒక రోజు, కంబళి లోపలి పొరలో ఒక మడత నలిగి ఉండిపోయింది. నాలుగు గంటల తరువాత జీను దించితే, చెమటతో తడిసిన వీపు మీద అరచేతిలో సగమంత భాగం పొడిగా కనిపించింది. చుట్టూ తడిసి నడుమ పొడిగా ఉన్న మచ్చ అక్కడ అధికమైన ఒత్తిడి పడిందనడానికి గుర్తు. ఒత్తిడికి చెమట గ్రంథులే ఆగిపోతాయి. మర్నాటికి అక్కడ వాచింది. ఆరు వారాలు జీను వేయలేదు. ఇప్పటికీ అక్కడ రూపాయి బిళ్లంత మేర తెల్ల వెంట్రుకలు ఉన్నాయి. అవి మళ్లీ నల్లబడవు. తప్పు జీనుది కాదు, నాది. అయినా, సమీక్షలో ఇది చెప్పవలసిన విషయమే: మెత్తలు కుట్టి ఉన్న జీను ఇలాంటి పొరపాటును కొంతవరకు కాస్తుంది, ఇది కాయదు. ప్రతి ఉదయం కంబళిని దులిపి, అరచేతితో పొడవునా నిమిరి, జీను వేసేముందు మూపు దగ్గర కొద్దిగా పైకి లాగి వెంట్రుకల వాలుకు వెనక్కి జరిపే ఓపిక లేనివారికి ఈ జీను తగదు.

కంబళి ఎంపికలో నా అనుభవం ఉపయోగపడవచ్చు. ఉన్ని కంబళి చెమటను పీల్చుకొని కూడా ముద్దకట్టదు. నూలు దుప్పటి, కృత్రిమ దారపు దుప్పటి రెండూ ఈ పనికి రావు. మన దక్కను గొర్రెల ఉన్నితో నేసిన నల్ల గొంగళిని ఒక ఏడాది వాడి చూశాను. గట్టిగా, జారకుండా, వానకు తట్టుకొని నిలిచింది గాని, దాని ఉన్ని గరుకుగా ఉండి వేసవిలో వెంట్రుకలను రాపాడింది. ఇప్పుడు వీపుకు తగిలేలా పలుచని ఉన్ని నమ్దా (నేయకుండా ఉన్నిని అదిమి చేసిన పరుపు), దాని మీద గొంగళి వేస్తున్నాను. నేను వాడిన వాటన్నిటిలో ఈ జోడీ ఉత్తమం.

రౌతుకు ఈ జీను ఎలా ఉంటుందంటే, మొదటి రెండు నెలలు కఠినంగా ఉంటుంది. ఆసనం వెడల్పు, లోతు బాగానే ఉన్నా తోలు కింద మెత్తదనం లేదు. కాళ్లకూ గుర్రం ఒంటికీ మధ్య దళసరి పొరలు ఉండడం వల్ల పిక్కలతో ఇచ్చే చిన్న సంకేతాలు దానికి అందవు. రికాబులు పొడుగ్గా వదిలి, నిటారుగా కూర్చోవడానికి ఇది చేసినది. దూకుళ్లకు, చురుకైన మైదానపు ఆటలకు పనికిరాదు. దీర్ఘప్రయాణంలో మాత్రం మూడో గంట నుంచి దీని గొప్పతనం తెలుస్తుంది. పొడవాటి పక్కబద్దలు బరువును వీపంతా పరుస్తాయి కనుక గుర్రం అడుగు చివరిదాకా ఒకేలా సాగుతుంది. పక్కబద్దల ముందు నుంచి, వెనుక నుంచి దిగిన పట్టీలు రెండూ కలిసే చోట తంగు బిగుస్తుంది కాబట్టి, కొండ ఎక్కేటప్పుడు గాని దిగేటప్పుడు గాని జీను జరగదు. అనంతగిరి దిగేటప్పుడు కూడా నాకు దుమ్చీ (జీను ముందుకు జారకుండా తోక కింద నుంచి వేసే పట్టీ) అవసరం కాలేదు. కమానుల ముందూ వెనుకా ఉన్న ఉంగరాలకు నీళ్ల సీసాలు, గడ్డివల, వానకోటు కట్టుకోవచ్చు. అయితే తంగు, రికాబులతో కలిపి దీని బరువు నా కాటాలో పదకొండు కిలోలు దాటింది. నాలాగా అరవై ఏళ్లకు దగ్గరైనవారికి, ఎత్తైన గుర్రం మీదికి దీన్ని ఎత్తి వేయడం రోజురోజుకూ కష్టమవుతుంది.

పోలిక కోసం చెబుతున్నాను: 2017లో నేను ఒక కృత్రిమ పదార్థపు జీనును కూడా కొన్నాను. తేలిక, వానలో తడిస్తే నీళ్లతో కడిగి ఆరేయవచ్చు, ఇరుకైన ముందు భాగాన్ని మార్చుకునే సౌకర్యమూ ఉంది. గంటసేపటి స్వారీకి నేటికీ దాన్నే వాడతాను. కానీ ఐదేళ్లకే లోపలి స్పాంజి ఒకవైపు కుంగింది, దాన్ని విప్పి బాగుచేయగల మనిషి నాకు దొరకలేదు. ఎనభై ఏళ్లు దాటిన ఈ పాత జీనులో మోచీ, వడ్రంగి, కమ్మరి ముగ్గురూ కలిసి బాగుచేయలేని భాగం ఒక్కటీ లేదు.

సంరక్షణ గురించి రెండు మాటలు. మొదట్లో మా సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) ధారాళంగా ఆముదం పట్టించేవాడు. తోలు జిగటగా మారి దుమ్మును పట్టుకుంది, కుట్లు మెత్తబడ్డాయి. ఇప్పుడు స్వారీ అయ్యాక తడిగుడ్డతో చెమట తుడిచి, గ్లిసరిన్ సబ్బు రుద్ది, మూడు నెలలకొకసారి మాత్రమే పలుచగా నూనె రాస్తున్నాం. తడిసిన తోలును ఎండలో గాని పొయ్యి దగ్గర గాని ఆరబెట్టకూడదు. హైదరాబాద్ వానాకాలంలో బూజు తప్పదు. గాలి ఆడే నీడలో, గోడకు ఆనకుండా, జీనును మొద్దు మీద పెట్టి ఉంచితే చాలావరకు ఆగుతుంది.

జీనుతో పాటు వచ్చిన తలకట్టు (గుర్రం తలకు తొడిగే పట్టీల అమరిక) కూడా నాకు ఎంతో ఉపయోగపడింది. కళ్ళెం ఇనుమును తీసేసినా తలకట్టు తలకే ఉంటుంది కనుక, దారిలో ఆగినప్పుడు గుర్రాన్ని కట్టేసి నీళ్లు తాగించడం సులువు. ఆ ఇనుమును మాత్రం నేను వాడను. సైన్యం వాడిన ఆ రకంలో ఒక వైపు నునుపుగా, మరో వైపు గరుకుగా ఉంటుంది. గొలుసుతో దవడను నొక్కే ఆ పనిముట్టు ఒంటిచేత్తో ఆయుధం పట్టిన రౌతు కోసం చేసినది. నా చుక్క నోటికి నునుపైన, మధ్యలో కీలున్న మామూలు ఇనుము చాలు. పాతదైనంత మాత్రాన అన్నిటినీ వాడాలన్న నియమం లేదు.

కొనేవారు చట్రాన్ని ఇలా చూడండి: రెండు కమానులను రెండు చేతులతో పట్టి ఎదురెదురుగా మెలితిప్పండి, కిర్రుమన్నా, ఒక వైపు ఎక్కువ కదిలినా రివెట్లు వదులయ్యాయని అర్థం. రివెట్ల చుట్టూ చెక్కలో సన్నని పగుళ్ల కోసం వెలుతురులో వెతకండి. నా జీనులో ఎడమ వెనుక రివెట్టు ఈ నెలలోనే కదలడం మొదలుపెట్టింది. దాన్ని తీసి కొత్తది కొట్టమని కమ్మరికి ఇచ్చాను. అది తిరిగి వచ్చేదాకా చుక్క తేలిక జీనుతో ఊరి చుట్టూ మాత్రమే తిరుగుతోంది.