టాక్సిసిటీ: గుంటూరు–బెజవాడ పాసింజర్లో మొదలై పంతొమ్మిదేళ్లు

అమెరికా మెటల్ బ్యాండు సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ వాళ్ల టాక్సిసిటీ ఆల్బమ్ నా చేతికి వచ్చింది 2006లో, బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్లో రాయించుకున్న సీడీ మీద. పైన నల్ల మార్కరుతో పేరు రాసి ఉంది, అంతే. అట్ట లేదు, పాటల జాబితా లేదు. తర్వాత చాన్నాళ్లకు తెలిసింది, ఇదే బ్యాండు 2002లో తెచ్చిన స్టీల్ దిస్ ఆల్బమ్ అట్టను సరిగ్గా ఇలాగే, ఇంట్లో రాసుకున్న సీడీలా మార్కరు రాతతో చేశారని. టాక్సిసిటీ కోసం రికార్డు చేసి పక్కన పెట్టిన పాటలు పూర్తి కాకముందే నెట్‌లో లీకైపోతే, వాటిని సరిచేసి ఆ రూపంలో విడుదల చేశారు. నా సీడీ ఇప్పటికీ బీరువాలో ఉంది, పదో పాట నుంచి గీతలు పడి ఆగిపోతుంది, పారెయ్యబుద్ధి కాలేదు.

అప్పట్లో రోజూ గుంటూరు నుంచి విజయవాడ కాలేజీకి రైల్లో వెళ్లేవాణ్ణి. ఆల్బమ్ మొత్తం 14 పాటలు, దాదాపు 44 నిమిషాలు. స్టేషన్లో బండి కదలగానే మొదలుపెడితే మంగళగిరి వచ్చేసరికి సగం దాటేది, కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఎక్కువసేపు ఆపకపోతే చివరి పాట ఏరియల్స్ వంతెన మీద పడేది. కింద కృష్ణ, చెవిలో ఆ పాట. ఇలా నాలుగేళ్లు విన్నాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఫోన్లు మారడం, హెడ్‌ఫోన్లు మారడం, అన్నింట్లోనూ ఇది వెంట ఉంది. అందుకని ఇది ఒక్కసారి విని రాస్తున్న అభిప్రాయం కాదు, నాకు ఎక్కడ నచ్చిందో ఎక్కడ విసుగొచ్చిందో పాటపాటకీ తెలుసు.

మొదటి పాట ప్రిజన్ సాంగ్ మొదటిసారి పెట్టినప్పుడు సీడీ చెడిపోయిందనుకున్నాను. గిటారు ఒక్క దెబ్బ కొడుతుంది, నిశ్శబ్దం. మళ్లీ దెబ్బ, మళ్లీ నిశ్శబ్దం. ఆ ఖాళీల్లో ఒక గొంతు గుసగుసగా మాట్లాడుతుంది. ఇంత గోల చేసే సంగీతంలో భయం పుట్టించేది ఆ ఖాళీలేనని తర్వాత అర్థమైంది. పాట అమెరికా జైళ్ల గురించి. దాదాపు 20 లక్షల మంది జైళ్లలో ఉన్నారని, చిన్నపాటి డ్రగ్స్ కేసులకు కూడా మనుషుల్ని లోపల వేస్తున్నారని అంకెలతో సహా చెబుతారు. అప్పట్లో ఆ అంకెల భాగం నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇప్పుడు వింటే అక్కడ పాట ఆగి ఉపన్యాసం మొదలైనట్టుంటుంది, ఎవరో పేపరు చూసి చదువుతున్నట్టు. విషయంతో నాకు పేచీ లేదు, కానీ అదే కోపాన్ని డీర్ డాన్స్‌లో నిరసనకు వచ్చిన పిల్లల ముందు తుపాకులతో నిలబడ్డ పోలీసుల్ని చూపిస్తూ చెప్పారు కదా, ఆ పాట ఇన్నేళ్లయినా పాతబడలేదు.

ఇక చాప్ సూయీ. ఈ ఒక్క పాట తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, వీడియోకి 2020లోనే యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటాయి. నేను మాత్రం దీన్ని నాకు అర్థమైన కోణంలోనే చెప్పగలను. మాది లూథరన్ కుటుంబం. మంచి శుక్రవారం నాడు పన్నెండింటి నుంచి మూడింటి దాకా గుళ్లో కూర్చుని సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు వినడం చిన్నప్పటి నుంచి అలవాటు. బయట గుంటూరు ఎండ, లోపల ఫ్యాన్ల చప్పుడు, ఒక్కో మాటకి ఒక్కొక్కరు వచ్చి ప్రసంగం. నాలుగో మాట దగ్గర, దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని అడిగే మాట దగ్గర, అమ్మ ప్రతి ఏడూ కళ్లు తుడుచుకునేది. ఏడో మాటకి, ఆత్మను తండ్రి చేతికి అప్పగించే మాటకి, అందరికీ కాస్త ఊపిరి ఆడేది.

చాప్ సూయీ చివరి భాగంలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. నంబూరు దాటాక ఎక్కడో రైల్లో అది మొదటిసారి గుర్తుపట్టినప్పుడు ఒళ్లు జలదరించింది. మళ్లీ మళ్లీ వింటే ఇంకొకటి కనిపించింది. పాటలో వరస తిరగబడింది. ఏడో మాట ముందు వస్తుంది, నాలుగో మాట తర్వాత వస్తుంది. గుళ్లో మేము ప్రశ్న నుంచి అప్పగింతకు వెళ్తాం, ఈ పాటలో మనిషి ముందు తనను తాను అప్పగించేసుకుని ఆ తర్వాత ఎందుకు వదిలేశావని అడుగుతాడు, జవాబు రాదు. చేతిలో పెట్టాక కూడా వదిలేశారనేది మామూలు బాధ కాదు. అక్కడి దాకా తిట్టినట్టు గబగబా మాటలు విసిరిన గాయకుడు సర్జ్ టాంకియన్ ఆ చోట గొంతు విప్పి పాడతాడు, వెనక పియానో వినిపిస్తుంది, పాట కూడా ఆ ఎత్తు మీదే అయిపోతుంది. పాటకి ముందు అనుకున్న పేరు ఆత్మహత్య అనే అర్థమొచ్చే మాట. అది తెలిశాక ఆ రెండు వాక్యాలు ఇంకా బరువెక్కాయి.

ఆల్బమ్ 2001 సెప్టెంబర్ 4న విడుదలైంది, సెప్టెంబర్ 11 దాడుల వారంలో అమెరికా చార్టులో మొదటి స్థానంలో ఉంది. ఆ దాడుల తర్వాత అక్కడి అతిపెద్ద రేడియో సంస్థల్లో ఒకటి ప్రస్తుతానికి వెయ్యకపోతే మంచిదంటూ తయారుచేసిన జాబితాలో చాప్ సూయీ కూడా ఉంది. అమెరికాలో అంతమంది ఆ సీడీ కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్న రోజుల్లోనే రేడియోలో ఆ పాటకి చోటు పోయింది.

ఈ బ్యాండులో నలుగురూ ఆర్మేనియన్ మూలాలున్నవాళ్లు. టాంకియన్, డ్రమ్స్ వాయించే జాన్ డోల్మాయన్ లెబనాన్‌లో పుట్టారు, బేస్ గిటారు షావో ఒడాజియన్ ఆర్మేనియాలోనే పుట్టాడు, గిటారు డారన్ మలాకియన్ అమెరికాలో పుట్టాడు. 1915లో ఆటోమన్ సామ్రాజ్యంలో జరిగిన ఆర్మేనియన్ల ఊచకోత నుంచి బతికి బయటపడ్డవాళ్ల మనవలు వీళ్లు. ఆ సంగతి తెలియక ముందు వీళ్లవి కోపం పాటలు అనుకునేవాణ్ణి. తెలిశాక చాలాచోట్ల అది ఏడుపు అని వినిపించడం మొదలైంది, ముఖ్యంగా టాంకియన్ ఒక్క అక్షరాన్ని సాగదీసి పాడే చోట్ల. నాకు ఈ ఆల్బమ్‌లో నిలిచిన పాటలన్నీ ఆ ఏడుపు ఉన్నవే. వట్టి ఊపు కోసం చేసినవి ఒక్కటొక్కటే జారిపోయాయి.

ఆ జారిపోయిన వాటిలో ముందు బౌన్స్. రెండు నిమిషాలు కూడా ఉండదు, గెంతే బొమ్మ ఆటని అడ్డం పెట్టి బూతు చెప్పడం తప్ప అందులో ఏమీ లేదు. కాలేజీలో నలుగురం కలిసి గట్టిగా పాడేవాళ్లం, ఇప్పుడు రాగానే దాటేస్తాను. ఎక్స్, షిమ్మీ, జెట్ పైలట్ మూడూ దాదాపు ఒకే అచ్చు: వేగంగా మొదలు, మధ్యలో గొంతు మార్పు, ఠక్కున ముగింపు. విడిగా వింటే ఒక్కోటీ బాగానే ఉంటుంది, వరసగా వస్తే ఏది ఏదో పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా ఒక్కోసారి తడబడతాను. నీడిల్స్‌లో బద్దెపురుగు గొడవ ఇంట్లో పిల్లల ముందు పెట్టుకునేది కాదు. ఏట్వా పాట రాగం మాత్రం నాకు ప్రాణం, నెమ్మదిగా మొదలై పల్లవిలో కట్ట తెంచుకుంటుంది. కానీ ఆ పేరు, గాలి చెట్లు నీళ్లు జంతువులు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపిన ఆ మాట, హత్య కేసుల్లో జైలుపాలైన చార్లెస్ మాన్సన్ ప్రచారం చేసుకున్నది. అంతమందిని చంపించినవాడి మాటను నెత్తిన పెట్టుకోవాల్సిన పనేముంది? ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ పాట వింటున్నప్పుడు మనసులో ఒక ముల్లు.

గొంతుల గురించి ఒక మాట. టాంకియన్ పాడుతుంటే మలాకియన్ సన్నటి, కాస్త ముక్కుతో పలికే గొంతుతో మధ్యలో దూరుతుంటాడు. కొందరికి ఆ గొంతు నచ్చదు. బుర్రకథ విన్న మన జిల్లా వాళ్లకు మాత్రం ఈ పద్ధతి కొత్త కాదు. మధ్యలో కథకుడు, అటొకరు ఇటొకరు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం, కథ ఏడిపించబోయే చోట పక్కనుంచి ఒకరు ఆటపట్టించడం. మా తాతయ్యతో కూర్చుని రేడియోలో నాజర్ గారి కథ విన్న చెవులకి ఈ ఆల్బమ్‌లో ఒక్కసారిగా వెటకారం నుంచి శోకంలోకి తిరిగే మలుపులు వింతగా అనిపించలేదు. సైకో పాటని చూడండి, కొకైను, బ్యాండ్ల వెంట తిరిగే అమ్మాయిల మీద ఎగతాళి, సగం దాకా నాకు చిరాకే, కానీ చివర గిటారు ఒక్కటే నిదానంగా పాడుకుంటూ పోయే భాగం కోసం మొత్తం వింటాను. ఆ గిటారే మనల్ని ఏరియల్స్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

టైటిల్ పాట టాక్సిసిటీ గురించి డ్రమ్స్ చెప్పకుండా మాట్లాడలేను. ఆరు మాత్రల ఊపు అది, మన డప్పు దరువు తెలిసినవాళ్లకి కాలు ఆగదు. డోల్మాయన్ పల్లవి ముందు ఆ చిన్న డ్రమ్ముల మీద దొర్లించే చోట నేను వందలసార్లు రైలు కిటికీ చువ్వ మీద వేళ్లతో వాయించి ఉంటాను. 2009లో సెకండ్‌హ్యాండ్ గిటారు కొనుక్కుని ఇది నేర్చుకుందామని కూర్చున్నాను. వీళ్లు తీగలన్నీ మామూలు శ్రుతి కంటే రెండు ఫ్రెట్లంత, అంటే గిటారు మెడ మీది రెండు మెట్లంత కిందకి దించుతారు, లావు తీగనైతే నాలుగు ఫ్రెట్లంత. నేనూ దించాను. తీగలు వదులైపోయి ఫ్రెట్లకి తగిలి గరగరమన్నాయి. గవర్నరుపేటలో ఒక కొట్లో అడిగితే ఇంకా లావు తీగల సెట్టు ఇచ్చారు, అవి వేశాక కానీ ఆ బరువు రాలేదు. మీటినప్పుడు గిటారు చెక్క పొట్టకి ఆనించి ఉంటుంది కదా, ఆ లావు తీగ అదురు పొట్టలోకి వస్తుంది, అప్పుడు అర్థమైంది వీళ్ల సంగీతం చెవి కంటే ముందు ఒంటికి ఎందుకు తెలుస్తుందో.

శబ్దం విషయంలో మాత్రం నాకు గట్టి ఫిర్యాదే ఉంది. నిర్మాతలు రిక్ రూబిన్, మలాకియన్, మిక్సింగ్ ఆండీ వాలెస్, అందరూ దిగ్గజాలే, కాదనను. కానీ ఆల్బమ్ అంతా మరీ గట్టిగా, కిక్కిరిసినట్టు ఉంటుంది. గిటార్ల కింద షావో బేస్ చాలా పాటల్లో మునిగిపోయింది, డ్రమ్స్‌లోని తాళాల చప్పుడు గిటారుతో కలిసి ఒకే ముద్దలా వినిపిస్తుంది. చిత్రం ఏమిటంటే రైల్లో విన్న నాలుగేళ్లూ ఇది నాకు తెలియలేదు, చక్రాల మోత మీద కూడా ప్రతి మాటా వినపడేది, అదే పెద్ద సుగుణంలా ఉండేది. మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కుని రాత్రిపూట నిశ్శబ్దంలో విన్నప్పుడు బయటపడింది. ముప్ఫై నిమిషాలకి చెవి అలిసిపోతుంది. ఫారెస్ట్ లాంటి పాట, నన్నడిగితే ఎవరూ పట్టించుకోని మంచి పాట ఇది, కాస్త గాలాడేలా రికార్డు చేసి ఉంటే ఎక్కడో ఉండేది.

చివరి పాట ఏరియల్స్ అయిపోయాక ఆపెయ్యకండి. దాని తర్వాత ఇంకొక చిన్న ముక్క దాచిపెట్టారు, ఆర్టో. ఆర్టో తున్చ్‌బోయాజియన్ అనే ఆర్మేనియన్ కళాకారుడితో కలిసి చేసింది. అరుపులు లేవు, దరువు, గొంతులే ముందుంటాయి. ఆర్మేనియన్ చర్చిలో ప్రభువా కరుణించుము అని పాడే ప్రార్థన గీతం దానికి ఆధారం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో స్పీకర్లో పెడితే వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతకు ముందు పాటలకి "తగ్గించరా" అని రెండుసార్లు కేకేసిన మనిషి. "ఇదేం కీర్తన్రా, ఏ భాష?" అంది. చెప్పాను. "మన ఆరాధనలో పాడేదే" అని అయిపోయేదాకా అక్కడే నిలబడి వింది.

మొదటిసారి వినబోయేవాళ్లు 4, 5, 7, 11 పాటలు (జెట్ పైలట్, ఎక్స్, బౌన్స్, షిమ్మీ) పక్కన పెట్టి మిగతా పది వరసలో వినండి, అరగంట చిల్లర అవుతుంది, ఆల్బమ్ ఇంకా గట్టిగా నిలబడుతుంది. అవి తర్వాత కలుపుకోవచ్చు. షఫుల్‌లో మాత్రం వద్దు, సైకో చివరి గిటారు నుంచి ఏరియల్స్‌లోకి, అక్కణ్ణుంచి ఆర్టోలోకి వెళ్లే ఆ వరస తెగిపోతే సగం పోయినట్టే. వాల్యూమ్ సగం మించి పెంచకండి, వాళ్లే కావలసినంత పెంచి ఇచ్చారు.