సీటీఎఫ్ఎల్ కోచింగ్: నా స్టార్లన్నీ ఆదివారం డిస్కషన్‌కే

సాఫ్ట్‌వేర్ టెస్టర్లకిచ్చే ఐఎస్‌టీక్యూబీ సంస్థ ఫౌండేషన్ సర్టిఫికెట్ (సీటీఎఫ్ఎల్) పరీక్ష కోసం అమీర్‌పేటలో వీకెండ్ బ్యాచ్‌లో చేరి, పాసై, టెస్టింగ్ ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక రాస్తున్న రివ్యూ ఇది. కోర్సు అయిన వారమే రాసుంటే కళ్ళు మూసుకుని అయిదు స్టార్లు గుద్దేసేదాన్ని. ఇప్పుడు కాస్త ఆలోచించి ఇస్తాను.

ఆ స్టార్లు కూడా అచ్చంగా ఆదివారం డిస్కషన్‌వే. శనివారం మాక్ టెస్ట్ ఉండేది. ఆదివారం సారు ఆ పేపర్ తెరిచి కరెక్ట్ ఆన్సర్ ముందే చెప్పేసేవారు. "బీ కరెక్ట్. ఇప్పుడు ఏ ఎందుకు కాదో చెప్పమ్మా" అని ఎవరో ఒకర్ని లేపేవారు. మిగతా మూడు ఆప్షన్లూ ఎందుకు తప్పో తేలేదాకా తర్వాతి ప్రశ్నకి వెళ్ళేది లేదు. మొదట్లో ఒళ్ళు మండేది. పక్క బిల్డింగులో వాళ్ళేమో డంపులు (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి చకచకా కానిచ్చేస్తుంటే, మేము ఒక్క ప్రశ్న పట్టుకుని వేలాడుతున్నాం!

నా అభిప్రాయం మార్చింది బౌండరీ వాల్యూ ప్రశ్న, అంటే రూలు మారే హద్దు దగ్గరి విలువలు ఇచ్చి తప్పు పట్టుకోవడం. 500 రూపాయలు, ఆపైన ఆర్డర్‌కి డెలివరీ ఫ్రీ. రెండు విలువల పద్ధతిలో 499, 500 ఇచ్చి చూస్తే చాలు. మూడు విలువల పద్ధతిలో వీటికి 498, 501 తోడవుతాయి. ఆ రెండూ దండగ కదా సార్ అన్నాడు మా బ్యాచ్ కుర్రాడొకడు. సారు బోర్డు మీద ఒక్క షరతు రాశారు: బిల్లు 500కి సమానమైతే ఫ్రీ. "లేదా అంతకన్నా ఎక్కువ" అన్న ముక్క డెవలపర్ ఎగ్గొట్టాడన్నమాట. "499 వెయ్యి. ఛార్జ్ పడిందా? పడింది. 500 వెయ్యి. ఫ్రీయేనా? ఫ్రీయే. రెండూ పాస్. రిలీజ్ చేసేద్దామా?" అన్నారు. "501 వెయ్యండి సార్" అన్నది దండగన్న కుర్రాడే.

పరీక్షకి అదొక మార్కు ప్రశ్న, అంతే. కానీ ఉద్యోగంలో చేరాక ఒక కాలేజీ ఫీజుల సాఫ్ట్‌వేర్ మా టీమ్‌కి వచ్చింది. గడువు దాటి 30 రోజులు, ఆపైన అయితే ఫైన్ పడాలి. నాకు అప్పగించిన టెస్ట్ కేసుల్లో 29, 30 ఉన్నాయి, రెండూ పాస్. ఊరికే ఉండబుద్ధి కాక 31 కలిపాను. 30వ రోజున పడాల్సిన ఫైన్ శుభ్రంగా పడింది, 31వ రోజుకి మాయమైంది! డెవలపర్ నమ్మలేదు. "మీ డేటాలోనే ఏదో తేడా ఉందక్కా" అన్నాడు. 45, 60 కూడా పెట్టి స్క్రీన్‌షాట్లు పంపాక కోడ్ తెరిచి చూశాడు. సారు బోర్డు మీద రాసిన తప్పే, అచ్చు గుద్దినట్టు.

ఇంత పొగిడాక ఒక సవరణ. ఈ కిటుకు సారు సొంతం కాదు. 10 వరకూ చెల్లాల్సిన షరతుని సరిగ్గా 10కే అని రాస్తే రెండు విలువల పద్ధతికి దొరకదన్న ఉదాహరణ సిలబస్‌లోనే ఉంది. ఐఎస్‌టీక్యూబీ సైట్‌లో శాంపిల్ పేపర్లు ఉచితం, వాటిలో ఒక్కో ఆప్షన్ ఎందుకు తప్పో, ఎందుకు ఒప్పో వివరణ కూడా ఉంటుంది. కోచింగ్ తప్పనిసరి కూడా కాదు, ఎవరైనా నేరుగా పరీక్ష రాయొచ్చు. కాబట్టి నేను ఫీజు కట్టింది సమాచారానికి కాదు, నన్ను కూర్చోబెట్టి నోరు తెరిపించినందుకు.

పైగా అదంతా ఆ ఒక్క సారు మీద నడిచిన బండి. తర్వాత మా పిన్ని కూతురు అక్కడే చేరింది. సారు మానేశారట. ఆదివారం డిస్కషన్ బదులు వాట్సాప్ గ్రూపులో కీ పడేస్తున్నారు. ఏ, బీ, సీ, డీ అక్షరాలు తప్ప ఇంకేం లేవు దాంట్లో. ఫీజు మాత్రం తగ్గలేదు.

మెటీరియల్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 2023లో వచ్చిన 4.0 సిలబస్‌కి మేము చదువుతుంటే చేతికిచ్చిన బైండు పుస్తకం 2018 వెర్షన్‌ది. 4.0లో తీసేసిన యూజ్ కేస్ టెస్టింగ్ అందులో దర్జాగా కూర్చునుంది. ఆ పేజీలు సారే పెన్నుతో కొట్టించారు. 40 ప్రశ్నల్లో టూల్స్ చాప్టర్‌కి వచ్చేవి రెండే, టెస్ట్ డిజైన్‌కి 11. అయినా బ్రౌజర్‌ని దానంతటదే నడిపించే సెలీనియం టూల్ డెమో అంటూ ఒక వీకెండ్ మొత్తం తినేశారు. బ్రౌజర్ తెరుచుకోవడం చూశాం, చప్పట్లు కొట్టాం.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. పరీక్ష 60 నిమిషాలు. ప్రశ్నపత్రం మాతృభాషలో లేనివాళ్ళకి 25 శాతం అదనపు సమయం ఐఎస్‌టీక్యూబీ నిబంధనల్లోనే ఉంది. స్లాట్ బుక్ చేసేటప్పుడే దాని గురించి అడగండి.

ఉద్యోగం మాటేమిటంటారా? "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" ఫ్లెక్సీని ఫ్లెక్సీగానే చూడండి. నేను వెళ్ళిన ఇంటర్వ్యూల్లో లిఫ్ట్‌కి టెస్ట్ కేసులు చెప్పమన్నారు, డేటాబేస్ నుంచి వివరాలు లాగే ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు రాయమన్నారు. సర్టిఫికెట్ రెజ్యూమెలో ఒక లైను, అంతే. కాకపోతే ఈ ఫౌండేషన్ సర్టిఫికెట్‌కి గడువంటూ లేదు కాబట్టి ఆ లైను అలా ఉండిపోతుంది.

నాది బీకాం. నైట్ షిఫ్ట్ బీపీవో ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్ల. పుస్తకం ముందు కూర్చుంటే పది నిమిషాల్లో నిద్రొచ్చే పరిస్థితి. నాకు క్లాసే దిక్కయింది. కంప్యూటర్స్‌లో బీటెక్ చేసి, పొద్దున్నే లేచి చదువుకోగలిగినవాళ్ళకి ఇంత ఖర్చు దేనికో నాకు తెలీదు. చేరాలనే అనుకుంటే మాత్రం డెమో క్లాసులో ప్లేస్‌మెంట్ల గురించి కాదు, మాక్ టెస్ట్ అయ్యాక పేపర్ ఎవరు డిస్కస్ చేస్తారు, ఎంతసేపు చేస్తారు అని అడగండి. "కీ పంపిస్తాం మేడమ్" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.