స్పితికి ఏ దారి: కిన్నౌరా, మనాలీనా?

హిమాచల్‌లోని స్పితి లోయకు వేసవిలో కారు దారులు రెండు. మనాలీ నుంచి బయలుదేరితే అటల్ టన్నెల్ దాటి, గ్రాంఫూ, బాతల్ మీదుగా 4,500 మీటర్ల పైనున్న కుంజుమ్ కనుమ ఎక్కి, పొద్దున కదిలితే సాయంత్రానికి స్పితిలోని ప్రధాన పట్టణం కాజా. చంద్రతాల్ సరస్సు కూడా ఇటే. కానీ గ్రాంఫూ దాటాక రోడ్డు చాలాచోట్ల రాళ్లగుట్టే. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి, దారికి అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి ఉరకలేస్తాయి. చిన్న కారైతే టెన్షనే. పైగా జూన్‌కు ముందు కనుమ తెరుస్తారన్న గ్యారంటీ లేదు.

సిమ్లా, కిన్నౌర్ దారి చుట్టు. రెండు మూడు రోజులు తినేస్తుంది. నా ఓటు మాత్రం దీనికే. కల్పా, నాకో, టాబో అంటూ మెల్లగా ఎత్తుకు అలవాటు పడతాం కాబట్టి తలనొప్పి, వాంతుల బెడద తక్కువ. క్రీ.శ. 996లో కట్టిన టాబో మఠం ఈ దారిలోనే ఉంది. బయట నుంచి చూస్తే ఉత్త మట్టిగోడలే. లోపలి మసక వెలుగుకు కళ్లు అలవాటు పడ్డాక గోడల నిండా బుద్ధుడి కథలు, వాటిపైన వరసగా పొడుచుకొచ్చిన మట్టి విగ్రహాలు కనిపిస్తాయి. టార్చి తీసుకెళ్లండి, ఫోటోలు మాత్రం కుదరవు.

వెంట అమెరికా పాస్‌పోర్టున్న మన పిల్లలుంటే కిన్నౌర్ వైపు ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాల్లోకి వెళ్లడానికి ఇచ్చే అనుమతి) తప్పదు, కిన్నౌర్ జిల్లా కేంద్రం రికాంగ్ పియోలో ఇస్తారు. మనాలీ నుంచి కాజా వరకైతే ఆ బాధ లేదు.

సెలవుంటే కిన్నౌర్ మీదుగా వెళ్లి, మనాలీ వైపు దిగండి.