ఆదివారం లెక్కల క్లాసు: ఆరు వందలకు నాకేం వచ్చింది

అనంతపురం పాతూరులో ఒక రిటైర్డు లెక్కల సార్ తన మిద్దె మీద పెద్దవాళ్లకు ఇంటి లెక్కలు చెప్తున్నారు. ఎనిమిది ఆదివారాలు, ఆరు వందల ఫీజు. నేను టైలర్‌ని. పదో తరగతి లెక్కల్లోనే తప్పినదాన్ని. మొదటిరోజు మెట్లెక్కుతుంటే మళ్లీ పరీక్షకు పోతున్నంత టెన్షన్.

వడ్డీల క్లాసు ఒక్కదానికే నా ఆరు వందలూ చెల్లు. పోయినేడు మిషన్ కోసం ఒక ఫైనాన్సులో 30,000 తీసుకున్నాను. నూటికి రూపాయి వడ్డీ, ఏడాదికి 3,600. నెలకు 2,800 చొప్పున కట్టాలి. రూపాయి వడ్డీకే దొరికిందని మురిసిపోయాను. సార్ నా కాగితం చూసి, ఏ నెలలో నా దగ్గర అసలు ఎంత మిగిలి ఉందో నాతోనే రాయించారు. మొదటి నెల 30,000, రెండో నెల 27,500, అట్లా తగ్గుతూ ఆఖరి నెల 2,500. సగటు తీస్తే 16,250. వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ 30,000 మీదే! అంటే ఏడాదికి పడింది 12 కాదు, దాదాపు 22 శాతం. మా వీధిలో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆమెను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

సెంటు అంటే 48.4 గజాలని కూడా అక్కడే తెలిసింది. మూడు సెంట్లని ఒక బ్రోకర్ చూపించిన ప్లాటు కాగితంలో 140 గజాలే ఉంది. 145.2 ఉండాలి కదా అంటే, "రోడ్డుకు పోయిందిలేమ్మా" అన్నాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. పైన రేకుల షెడ్డు, సాయంత్రం ఐదైనా సెగ తగ్గదు. మొదటి నాలుగు వారాలు క్యాలిక్యులేటర్ ముట్టనివ్వరు, అన్నీ ఎక్కాలే. శాతాలేమో ఉరుకులు పరుగుల మీద ముగించేశారు. 20 శాతం తగ్గించి, మిగిలినదాని మీద ఇంకో 10 తగ్గిస్తే 30 కాదు, 28 అని ఒక్క ముక్కలో తేల్చారు. పండగకు చీరలు కొనే మాకు అది చాలదు. బంగారం తరుగు అయితే అసలు తీయనే లేదు. అడిగితే వచ్చే బ్యాచ్‌లో అన్నారు. ఈ రెండూ సరిచేసుకుంటే ఐదుకు ఐదు ఇస్తాను, ఇప్పటికి నాలుగే.

ఆఖరి ఆదివారం సార్‌కు నేనూ ఒక లెక్క చెప్పాను. చాతీ 36 అయితే నాలుగో వంతు 9, వదులుకూ కుట్టుకూ ఇంకో అంగుళంన్నర. "ఆ అంగుళంన్నర ఏ సూత్రమమ్మా?" అన్నారు. సూత్రం కాదు సార్, రెండు జాకెట్లు పాడుచేశాక వచ్చిందన్నాను. నోటుపుస్తకం తీసి రాసుకున్నారు.